లూసర్న్ విత్తనానికి కల్చర్ పట్టించే ముందు

కోడలు పిల్లా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరు ఉద్యోగం వదిలేసి వచ్చిన కూతురు బోరు కింద రెండెకరాల్లో ఆవుల మేతకి లూసర్న్ వేస్తుందట, యూరియా ముట్టుకోదట, విత్తనానికి ఏదో నల్లపొడి పట్టిస్తుందట. "అక్కా, నీ మాటయితే వింటుంది, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. వాడి గొంతులో కోపం ఉంది గానీ అడుగున మురిపెం కూడా ఉంది. వాణ్ని చంకనేసుకుని తిరిగినదాన్ని, నాకు తెలీదా! నాకూ అంతే అనుకో. చిన్నప్పుడు పేడ వాసనకి ముక్కు మూసుకున్న పిల్ల ఇవాళ పాకలో ఆరు ఆవుల్ని కట్టేసిందంటే ఎవరికి సంతోషం ఉండదు? కానీ రెండెకరాలూ ఒకేసారి అన్న మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. నీళ్లు నిలిచే కయ్యలో వెయ్యకు, వేరు కుళ్లిపోతుంది. మట్టి పరీక్ష చేయించు, ఆమ్ల నేలలు దీనికి పడవు. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తు. ఎకరానికి 8 నుంచి 10 కిలోల విత్తనం, సాలుకీ సాలుకీ అడుగు దూరం. గింజ చాలా చిన్నది, సెంటీమీటరు, మహా అయితే రెండు సెంటీమీటర్ల లోతు చాలు. అంతకంటే కిందికి పోతే పైకి రాదు. ఆనంద్-2 రకమైనా సరే, కోయంబత్తూరు వాళ్ల కో-1 రకమైనా సరే, నమ్మకమైన చోట కొను. మొదటి రెండు నెలలు కలుపు నీ ప్రాణం తీస్తుంది, కూలీలకు డబ్బు పక్కన పెట్టుకో. ఇవన్నీ ఎవరినడిగినా చెబుతారు.

"ఇక యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టే పని లేదు" అన్నావట మీ నాన్నతో. ఆ మాట సగమే నిజం. కల్చర్ అంటే నువ్వు పట్టిస్తానన్న ఆ నల్లపొడే, అందులో గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులుంటాయి. కల్చర్ పెట్టిన లూసర్న్ తన నత్రజని తాను సంపాదించుకుంటుంది. పక్క కయ్యలో ఉన్న సూపర్ నేపియర్ గడ్డికి, మేత జొన్నకి అది పనికిరాదు, వాటికి ఎరువో యూరియానో నువ్వు పెట్టాల్సిందే. లూసర్న్ దున్నేశాక ఆ నేలలో వేసిన పంటకి మటుకు మంచి బలం ఉంటుంది. భాస్వరం సంగతి కూడా మరిచిపోకు. గాలిలో నత్రజనిని పట్టడం ఆ సూక్ష్మజీవులకి చాలా శక్తి తినే పని, భాస్వరం లేనిదే మొక్క ఆ శక్తిని అందించలేదు. పరీక్ష రిపోర్టు చూసి దుక్కిలో భాస్వరం ఎరువు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, వెయ్యి. మొలకకి ఊతంగా ఎకరానికి 20 కిలోల దాకా యూరియా వెయ్యమని పుస్తకాల్లో ఉంటుంది. మాగిన పశువుల ఎరువు దండిగా తోలావంటే అదీ మానుకోవచ్చని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతి. పదో తరగతి పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ బెల్లు కొట్టేదాకా సమయం చాలేది కాదు. మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. యూరియా ఫ్యాక్టరీలో ఆ నత్రజనిని విడగొట్టాలంటే 400 డిగ్రీలకు అటూ ఇటూ వేడి, గాలి పీడనానికి నూరు రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. అదే పనిని లూసర్న్ వేరు మీద కంటికి కనపడని ప్రాణి చల్లటి మట్టిలో చేసేస్తుంది. కూలిగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల సాయంతో గాలి నత్రజని తీసుకుంటాయని జర్మనీలో హెల్రీగల్ అనే ఆయన 1886లో తేల్చి చెప్పాడు. ఆ బుడిపెల్లోంచి బ్యాక్టీరియాని 1888లో హాలెండ్‌లో బైజరింక్ విడదీశాడు. మన రైతులకి అంతకు ముందే తెలియదా అంటే, జొన్న తర్వాత పెసరో ఉలవో వేస్తే నేల బాగుపడుతుందని తెలుసు. ఎందుకో తెలీదు, అంతే.

అయితే ఈ ప్రాణులన్నీ ఒకటి కావు. అక్కడే మన ఇంట్లో కొంప మునిగింది. వేరుశనగ, అలసంద, పిల్లిపెసర, జనుము, మన మెట్టల్లో వేసే స్టైలో గడ్డి, వీటన్నిటికీ దాదాపు ఒకే గుంపు, బ్రాడీరైజోబియం అంటారు. లూసర్న్‌ది వేరే గుంపు. దాని పేరు సైనోరైజోబియం మెలిలోటి. మన వైపు తరతరాలుగా వేరుశనగ వేసిన నేలలు కాబట్టి మొదటి గుంపు మట్టిలో ఎలాగూ ఉంటుంది. అందుకే అలసందకి కల్చర్ పెట్టినా పెట్టకపోయినా చాలాచోట్ల పెద్ద తేడా కనపడదు. లూసర్న్ ఎరగని నేలలో లూసర్న్ వేస్తే మటుకు తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇంకో చిన్న సంగతి, మెంతి కూడా లూసర్న్ గుంపుదే. మీ అమ్మ పెరట్లో మెంతి మడి ఉంది కదా, ఒక మొక్కని మట్టితో సహా లేపి వేళ్లు చూడు. బుడిపెలుంటే ఆ జాతి మీ పెరట్లో ఉన్నట్టే. పొలంలో ఉందని మాత్రం అనుకోకు.

మీ నాన్న నీకీ కథ చెప్పి ఉండడు. నువ్వు పుట్టిన ఏడు జరిగింది. ఊళ్లోకి కొత్తగా పాలకేంద్రం వచ్చింది. మీ నాన్న రెండు జెర్సీ ఆవులు కొన్నాడు, ముప్పాతిక వంతు అప్పే. మీ తాతకి అసలు ఇష్టం లేదు. దాణా ఖర్చు తగ్గించుకోవాలని వీడు వేరుశనగ చేలో ఒక ఎకరం తీసి లూసర్న్‌కి సిద్ధం చేశాడు. టౌన్‌కి వెళ్లి రైజోబియం కల్చర్ కావాలని అడిగితే కొట్టతను ఒక పాకెట్ చేతిలో పెట్టాడు. దాని మీద వేరుశనగ అని రాసి ఉంది. వీడు చూశాడు, అడిగాడు కూడా. "అన్నీ ఒకటేలే అన్నా, లోపల ఉండేది ఆ పురుగేగా" అన్నాడట కొట్టతను. పంట పేరు వేరే ఉంటే అసలు పాకెట్టే కొనకూడదని ఊళ్లో చెప్పేవాళ్లెవరూ లేరు.

ఆ తర్వాత పని మాత్రం ఎంత శుభ్రంగా చేశాడని! మీ అమ్మ బాలింత, నిన్ను చూడ్డానికి నేను సెలవు పెట్టి వచ్చాను. వసారాలో కొత్త చాప పరిచి, చల్లార్చిన బెల్లం నీళ్లలో పొడి కలిపి, గింజ గింజకీ నల్లగా అంటేలా రెండు చేతులతో పట్టించి, నీడన ఆరబోశాడు. కోళ్లు రాకుండా పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం చల్లబడ్డాక విత్తాడు. ఇప్పటి పుస్తకాల్లో చెప్పినట్టే చేశాడు, ఒక్క పాకెట్ తప్ప.

వారం లోపు మొలిచింది. మూడు వారాలు కళకళలాడింది. తర్వాత కింది ఆకులు పసుపు తిరిగాయి, ఆ పసుపు మెల్లగా పైకి పాకింది. నీళ్లెక్కువయ్యాయని ఒకరు, తక్కువయ్యాయని ఒకరు, దిష్టి తగిలిందని మా అమ్మ. మీ నాన్న ఆగలేకపోయాడు. యూరియా బస్తా తెచ్చి చల్లేశాడు. పది రోజుల్లో చేను పచ్చబడిన మాట నిజమే. కానీ లూసర్న్ కన్నా ముందు గరిక, తుంగ లేచాయి. లూసర్న్ మొలకప్పుడు బద్ధకంగా పెరుగుతుంది. కలుపు దాన్ని కప్పేసింది.

చివరికి మీ తాత పార తీసుకుని చేలోకి దిగాడు. నేనూ వెనకాల వెళ్లాను. లూసర్న్ మొక్కని జానెడు లోతు మట్టితో లేపి, కాలవ నీళ్లలో కడిగి చూపించాడు. తెల్లటి వేరు, నున్నగా, ఒక్క బుడిపె లేదు. తర్వాత గట్టు మీద మా అమ్మ నాటిన అలసంద పాదుని లేపాడు. దాని వేళ్ల నిండా గుండ్రటి బుడిపెలు, మిరియపు గింజలంతవి. "ఇదేందిరా, దీనికి కాసినాయి, దానికి లేవు" అన్నాడు. చదువు రాని మనిషి, ఒక్క చూపులో సంగతి పట్టేశాడు. మీ నాన్న మాట్లాడలేదు.

అక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడు, ఎవరో చెబితే, పక్క ఊళ్లో పాత లూసర్న్ మడి మట్టిని బండెడు తెచ్చి చేలో చల్లాడు. ఆ పద్ధతి పనిచేస్తుంది, పాతకాలంలో అన్ని దేశాల్లోనూ అలాగే చేసేవారు. పైరు ముదురు ఆకుపచ్చగా వచ్చింది. మొదటి కోతకి అందరం సంబరపడ్డాం. రెండో కోత నాటికి మడి మధ్యలో పసుపు దారాలు కనపడ్డాయి. బంగారు తీగ. ఆకుండదు, నేలలో వేరుండదు, లూసర్న్‌ని చుట్టుకుని రసం పీల్చేస్తుంది. మట్టితో పాటు దాని గింజలు వచ్చాయి. ఆ గింజ నేలలో ఏళ్ల తరబడి చావదు. ఎంత కోసి తగలబెట్టినా మళ్లీ వచ్చేది. మీ నాన్న ఒక ఆవుని అమ్మి అప్పు కట్టాడు. రెండోదాన్ని మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు. దాని పాలు నీకు.

అందుకే వాడికి ఆ నల్లపొడి అంటే మంట. వాడితో వాదించకు. వాడు చూసింది వాడు చెబుతున్నాడు, అబద్ధమేం కాదు. నువ్వు చేలో చూపించు, అంతే. ఎలాగో చెబుతాను. మొదట రెండెకరాలు వద్దు, అరెకరం చాలు. అందులో నాలుగు సాళ్లు కల్చర్ పట్టించని విత్తనంతో వెయ్యి. ఆ నాలుగు సాళ్లూ ముందు వెయ్యాలి, పట్టించింది తర్వాత. తిరగేసి వేస్తే చేతులకీ గొర్రుకీ అంటుకున్న పొడి ఆ సాళ్లలోకీ పోతుంది, ఇక తేడా ఏం తెలుస్తుంది? ఆ సాళ్ల దగ్గర కర్ర పాతి, ఏమీ రాయకుండా వదిలెయ్యి. మీ నాన్నే వచ్చి అడుగుతాడు.

కొట్లో ఎక్కువగా దొరికేవి వేరుశనగ, కంది, మినుము పాకెట్లే. లూసర్న్‌ది దొరకాలంటే ముందే కనుక్కోవాలి. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడుగు, ఊళ్లో రైతు సేవా కేంద్రంలో చెప్పి పెట్టు. వాళ్ల దగ్గర లేకపోయినా ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పాకెట్ మీద పంట పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. ప్రభుత్వ నిబంధన ప్రకారం పొడి రకంలో గ్రాముకి కనీసం 5 కోట్లు, ద్రవ రకంలో మిల్లీలీటరుకి 10 కోట్ల జీవకణాలుండాలి. అవి ప్రాణంతో ఉన్నాయా లేదా అన్నది దాన్ని ఎక్కడ పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. రేకుల షెడ్డులో, కలుపు మందు డబ్బాల పక్కన పేర్చిన పాకెట్ గడువు లోపలిదైనా కొనకు. కొన్నాక బండి ట్యాంక్ కవర్లో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఊరేగకు. మన ఎండకి ఇంటికి చేరేలోపు సగం చచ్చిపోతాయి. తడిగుడ్డ చుట్టి సంచిలో తెచ్చుకో. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో పెట్టు, ఐసు గడ్డకట్టే చోట వద్దు.

పట్టించడం పెద్ద పని కాదు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో చిన్న నిమ్మకాయంత బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చు. గోరువెచ్చగా ఉన్నా వద్దు. 200 గ్రాముల పాకెట్ అందులో కలిపి 8 నుంచి 10 కిలోల విత్తనానికి పట్టించమంటారు. లూసర్న్ గింజ చిన్నది, కిలోకి గింజలెక్కువ, అందుకని నేనైతే రెండు పాకెట్లు వాడతాను. నష్టమేం లేదు. ఉండలు కడితే జల్లించిన మెత్తటి పొడి మట్టి కొంచెం చల్లు, బూడిద మాత్రం వద్దు. నీడన ఆరబెట్టు, ఆ రోజే విత్తెయ్యి. విత్తనానికి శిలీంద్రం మందు పట్టించే పని ఉంటే అది ముందు, అది ఆరాక పురుగు మందు, అన్నిటికన్నా చివర కల్చర్. విత్తనం కొన్నప్పుడే రంగు పూసి ఉందేమో చూసుకో. గులాబీ రంగో, పచ్చ రంగో ఉందంటే దానికి మందు పట్టించి ఉండొచ్చు, అడిగి తెలుసుకో.

మొలిచాక మూడో వారం దగ్గర ఆకు కొంచెం పాలిపోవచ్చు. గింజలో ఉన్న సత్తువ అయిపోయి, బుడిపెలు ఇంకా పని మొదలుపెట్టని సమయం అది. ఆ వారం యూరియా బస్తా ఇంట్లో లేకుండా చూసుకో. మీ నాన్న చెయ్యి ఊరుకోదు. నత్రజని సులువుగా దొరికితే మొక్క ఆ సూక్ష్మజీవులకి తిండి పెట్టడం తగ్గిస్తుంది, బుడిపెలు సరిగా కట్టవు. ఐదో వారానికి పారతో మొక్కని లేపు. చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి, అప్పుడు లేవనుకుని కంగారు పడతావు. లూసర్న్ బుడిపెలు అలసందవాటిలా గుండ్రంగా ఉండవు. సన్నగా, పొడుగ్గా, కొన్ని కొన వేళ్లలా చీలి ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమి చూడు. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు. మన నెత్తురులో ఉండేలాంటి ఎర్రటి పదార్థమే అది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుకాలేదు, లేదా పని చెయ్యని రకం. ఆకుపచ్చగా ఉంటే వయసైపోయింది. నులిపురుగు వల్ల వచ్చే ఉబ్బులు చూసి మోసపోకు. అవి వేరులోనే కలిసిపోయి ఉంటాయి, రుద్దినా ఊడవు. బుడిపె అయితే వేలితో తోస్తే ఊడి వచ్చేస్తుంది.

ఇక ఒక్కటి. దీని గురించి ఎవరూ నీకు గట్టిగా చెప్పరు, చెప్పినా నవ్వేస్తావు. పైరు చేతికొచ్చాక నాకు భయం మొదలవుతుంది. నా ఎర్రావు నీకు గుర్తుందా, కొమ్ముకి నువ్వు రిబ్బన్ కట్టేదానివి. మూడో ఈత, చూడితో ఉంది. ఒక చలికాలం తెల్లవారుజామున తాడు తెంపుకుని పక్కవాళ్ల లూసర్న్‌లో పడింది. మంచుకి తడిసిన లేత మేత, పైగా ఖాళీ కడుపు. నేను లేచేసరికి ఎడమ డొక్క వీపు ఎత్తున లేచి, వేలితో కొడితే డప్పులా మోగుతోంది. నాలుక బయటపెట్టి ఊపిరి కోసం కొట్టుకుంది. డాక్టర్ వచ్చేసరికి అయిపోయింది. ఇన్నేళ్లయినా లూసర్న్ చేను పక్కనుంచి వెళితే ముందు నా కళ్లు కట్టుతాళ్ల మీదికి పోతాయి.

కాబట్టి విను. ఆవుల్ని ఎప్పుడూ లూసర్న్‌లోకి వదలకు, కోసుకొచ్చి వెయ్యి. కోసింది కొన్ని గంటలు వాడిపోనివ్వు. పొద్దున్నే ఖాళీ కడుపు మీద వద్దు, ముందు ఎండుగడ్డి తిననిచ్చి ఆ తర్వాత వెయ్యి. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించనివ్వకు, అది కూడా ఒక్కరోజులో కాదు, పది పన్నెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచు. మొదటి కోత పూత అక్కడక్కడా కనపడ్డాక చెయ్యి, రెండు నెలలు దాటుతుంది. తర్వాత నెలకో కోత వస్తుంది. పాకలో ఒక సీసా వేరుశనగ నూనె ఎప్పుడూ ఉంచు. డొక్క ఉబ్బినట్టు అనుమానం వస్తే ఆవుని పడుకోనివ్వకు, ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, వెంటనే 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తుంది. వాళ్లొచ్చేలోపు పావు లీటరు నుంచి అర లీటరు నూనె మెల్లమెల్లగా తాగించు. తల మరీ పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త. పొట్టలో గాలి తీసే సూది డాక్టరే వెయ్యాలి, ఊళ్లో ఎవరో కత్తి పట్టుకొస్తే పక్కకు తొయ్యి. ఆ నంబరు పాక గోడ మీద బొగ్గుతో పెద్దగా రాయి. ఇవాళే రాయి. విత్తనం ఇంకా కొనలేదు కదా అత్తా అనకు.

మీ నాన్నకి నేను నీ తరఫున చెప్పాను. అరెకరానికి ఒప్పుకున్నాడు, గొణుక్కుంటూనే. కర్ర పాతిన సాళ్ల సంగతి వాడికి చెప్పలేదు.

లూసర్న్ కల్చర్ దొరికిన రోజున, పాకెట్ విప్పకముందే ముందూ వెనకా ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పెట్టు. కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదువుతాను. లూసర్న్ అని లేకపోతే తీసుకెళ్లి కొట్లో తిరిగి ఇచ్చేసి రా, అతను ఏమన్నా సరే.

ఇట్లు,
మీ అత్త